‘కిడ్నీ కణాలపై పరీక్షించాం’ అంటున్న కరపత్రాల గురించి

సంపాదకులు గారికి,

నమస్కారం. కిడ్నీ జబ్బు ఎక్కువగా పీడిస్తున్న మన ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొంతకాలంగా ఒక మూలికల మందు తాలూకు కరపత్రం చేతులు మారుతోంది. ఆ ప్రాంతం నుంచి వచ్చి చదువుకుంటున్న నా విద్యార్థిని ఒకరు దాన్ని తెచ్చి, ఇందులో రాసింది నిజమేనా అని అడిగింది. నున్నటి కాగితం మీద రెండు మూత్రపిండాల రంగుల బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాల్లో ‘మనిషి కిడ్నీ కణాలపై పరీక్షించి నిరూపించినది’ అన్న వాక్యం, అడుగున కళ్ళు చికిలించుకుని చదవవలసినంత చిన్న అక్షరాల్లో ‘హెక్ 293 కణాలు, గ్రాహక సంకేత పరీక్ష’ అన్న మాటలు ఉన్నాయి. దగ్గరి బంధువు ఒకరికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే పెరిగే వ్యర్థ పదార్థం) పెరుగుతూ వస్తోందని, డాక్టరు రాసిన మందులు ఆపేసి ఇది మొదలుపెడదామని ఇంట్లో మాట్లాడుకుంటున్నారని ఆ అమ్మాయి చెప్పింది. మందు పేరుగానీ అమ్మేవారి పేరుగానీ ఇక్కడ ప్రస్తావించడం నా ఉద్దేశం కాదు. ఆ కాగితం మీది పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ మధ్య ఎంత దూరం ఉందో మీ పాఠకులకు వివరించడం, శ్రీకాకుళంలో జీవరసాయన శాస్త్రం బోధిస్తున్నవాడిగా నా బాధ్యత అనుకుని ఈ లేఖ రాస్తున్నాను.

చిన్న అక్షరాల్లో ఉన్నది అబద్ధం కాకపోవచ్చు. హెక్ 293 అనే కణాలు నిజంగా ఉన్నాయి. ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న మానవ కణశ్రేణుల్లో, అంటే ప్రయోగశాలలో తరతరాలుగా పెంచుకుంటూ వస్తున్న కణాల వంశాల్లో, అది ఒకటి. వాటిలో గ్రాహకాల సంకేతాలను పరిశీలించడం గత కొన్ని దశాబ్దాల వైద్య పరిశోధనకు ఊపిరి పోసిన పద్ధతి. నాకు బాధ కలిగిస్తున్నది కూడా అదే. ఎందరో నిజాయతీగా పనిచేసి సంపాదించిపెట్టిన గౌరవాన్ని అరువు తెచ్చుకుని, ఆ పద్ధతి ఏనాడూ చెప్పని మాటను దాని నోట పలికిస్తున్నారు.

గ్రాహకం అంటే ఏమిటో ముందు చెప్పాలి. మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ కొవ్వు పదార్థంతో ఏర్పడిన పలుచటి పొర ఉంటుంది. ఎడ్రినలిన్, ఇన్సులిన్, వాసోప్రెసిన్ వంటి హార్మోన్లు ఆ పొరను దాటి లోపలికి పోలేవు. అవి తెచ్చిన వార్తను పొరలో ఇటు నుంచి అటు వరకు నాటుకుని ఉన్న ప్రొటీన్లు అందుకుంటాయి. ఆసుపత్రుల్లో రిసెప్టర్లు అని వినిపించేవి ఇవే. గ్రాహకాల్లో అన్నిటికన్నా పెద్ద కుటుంబాన్ని తీసుకుంటే, హార్మోను వెలుపలి వైపు అతుక్కోగానే గ్రాహకం ఆకృతి కొద్దిగా మారుతుంది. ఆ మార్పును లోపలి వైపున్న జి ప్రొటీన్ అందుకుంటుంది. అది ఒక ఎంజైమును పనిలోకి దింపుతుంది. ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులను గబగబా తయారుచేసి కణమంతటా నింపుతుంది. దానితో కణం నడవడికే మారిపోతుంది. హార్మోన్లు ఇలా పనిచేసే తీరును బయటపెట్టినందుకు ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లోను, జి ప్రొటీన్లను కనుగొన్నందుకు ఆల్‌ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు 1994లోను, ఈ గ్రాహకాల నిర్మాణాన్నీ పనితీరునూ వెల్లడించినందుకు రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయన్ కొబిల్కాలకు 2012లోను నోబెల్ బహుమతులు వచ్చాయి. మనిషి జన్యువుల్లో ఈ ఒక్క కుటుంబానికి చెందినవే 800 దాకా ఉన్నాయి. వాడుకలో ఉన్న మందుల్లో సుమారు మూడో వంతు వీటి మీదనే పనిచేస్తాయి. రక్తపోటు తగ్గడానికీ, మూత్రంలో ప్రొటీన్ పోకుండా ఉండడానికీ కిడ్నీ రోగులకు వైద్యులు రాసే లోసార్టాన్ కూడా యాంజియోటెన్సిన్ గ్రాహకాన్ని అడ్డుకునే మందే.

చిక్కల్లా ఈ గ్రాహకాలు ఒంటరిగా ఉండకపోవడంలో ఉంది. శరీరం నుంచి తీసిన ఏ కణం మీదనైనా పదులకొద్దీ రకాల గ్రాహకాలు ఒకేసారి పనిచేస్తూ ఉంటాయి. సంత మధ్యలో నిలబడి ఒక్క మనిషి గొంతు వినాలనుకుంటే ఎంత కష్టమో, అటువంటి కణంలో ఒక్క గ్రాహకం పంపే సంకేతాన్ని వేరుచేసి కొలవడం అంత కష్టం. అందుకని పరిశోధకులు తమకు కావలసిన గ్రాహకం సహజంగా లేని కణాన్ని ఎంచుకుంటారు, ఆ గ్రాహకం తాలూకు జన్యువును అందులోకి పంపుతారు, అప్పుడు దాని మీద మందు చుక్క వేసి ఏమవుతుందో చూస్తారు. జన్యువు పంపని కణాలను పక్కనే ఉంచి, వాటి మీద కూడా అదే మందు వేస్తారు. రెండింటి మధ్య కనిపించే తేడా ఆ గ్రాహకం చేసిన పని అవుతుంది. పద్ధతి మొత్తం ఆ తేడా మీదనే ఆధారపడి ఉంది.

ఇటువంటి పనికి హెక్ 293 బాగా కుదిరింది. దాని పుట్టుక 1973 నాటిది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అలెక్స్ వాన్ డర్ ఎబ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఫ్రాంక్ గ్రాహమ్ అనే కెనడా శాస్త్రవేత్త, ఒక మానవ పిండం మూత్రపిండం నుంచి తీసిన కణాల్లోకి అడినోవైరస్ 5 డీఎన్ఏ ముక్కలను పంపే ప్రయోగాలు చేశారు. మానవ పిండ మూత్రపిండం అన్న అర్థమిచ్చే ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలే ‘హెక్’. ఆయన తన ప్రయోగాలకు వేసుకుంటూ వచ్చిన వరుస సంఖ్యల్లో ఇది 293వది. మామూలు కణాలు కొన్ని తరాల పాటు విభజన చెంది ఆగిపోతాయి. వైరస్ జన్యువులు ఆ అడ్డును తొలగించడంతో ఈ కణాలు ఆగకుండా పెరగసాగాయి. ఈ వివరాలు 1977లో ప్రచురితమయ్యాయి. 4,300 అక్షరాలకు పైబడిన వైరస్ డీఎన్ఏ ముక్క వాటి 19వ క్రోమోజోములో కలిసిపోయి ఉందని తర్వాత తేలింది. ఆ పిండం ఎవరిదో, తల్లిదండ్రులు ఎవరో తెలిపే వివరాలు మిగలలేదు. ఈ కణాల వెనుక ఒక కుటుంబం ఉందన్న స్పృహ వాటిని వాడే ప్రతి ఒక్కరికీ ఉండాలని నేను నమ్ముతాను. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ అనుమతి లేకుండా ఆమె కణితి నుంచి తీసిన హీలా కణాల విషయంలో ఆమె కుటుంబానికి తగిన గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఇలాంటి కణాలను పెంచే చోటును చూడని పాఠకులకు కొంచెం దగ్గరగా చూపిస్తాను. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ సీసా అడుగున, లేత ఎరుపు రంగు పోషక ద్రవం కింద ఈ కణాలు ఒక పొరలా అంటుకుని పెరుగుతాయి. 37 డిగ్రీల వెచ్చదనం, గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే పెట్టెలో వాటిని ఉంచుతారు. సుమారు ఒక రోజులో వాటి సంఖ్య రెట్టింపవుతుంది. ఆహారం వాడుకున్న కొద్దీ ద్రవం ఎరుపు నుంచి పసుపుకు తిరుగుతుంది. రంగు చూసి ద్రవం మార్చాలి. సూక్ష్మదర్శినిలో అవి మూలలు తేలిన చిన్న చిన్న పెంకుల్లా, ఒకదానినొకటి ఆనుకుని కనిపిస్తాయి. గట్టిగా కదిపితే అంటుకున్న చోటు నుంచి సులువుగా ఊడివస్తాయి కనుక ద్రవం మార్చేటప్పుడు చేయి నెమ్మదిగా ఆడాలి. జన్యువు పంపిన తర్వాత 96 గుంటలున్న పలకలో కణాలను సర్దుతారు. ఒక వరుసలో మందు లేని ద్రవం, తర్వాతి వరుసల్లో క్రమంగా పెరిగే మోతాదులు వేస్తారు. మిణుగురు పురుగు నుంచి తీసుకున్న లూసిఫెరేజ్ అనే ఎంజైమును ముందుగానే ఆ కణాల్లో ఏర్పాటు చేస్తే, సంకేతం వచ్చిన గుంటలో వెలుగు పుడుతుంది. పరికరం ఆ వెలుగును కొలుస్తుంది. సైక్లిక్ ఏఎంపీకి బదులు కాల్షియం ద్వారా సంకేతం పంపే గ్రాహకమైతే, కాల్షియం తగలగానే మెరిసే రంగు పదార్థాన్ని వాడతారు.

ఈ పద్ధతి బలం తెలియాలంటే మన వంటింటి మిరపకాయ కథ చెప్పాలి. కారం నాలుకకు ఎలా తెలుస్తుందన్నది చాలాకాలం అంతుపట్టలేదు. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం, నొప్పిని మోసుకెళ్ళే నాడీకణాల్లో పనిచేసే జన్యువులన్నిటినీ సేకరించి, వాటిని గుంపులు గుంపులుగా హెక్ 293 కణాల్లోకి పంపి, మిరపలోని కాప్సైసిన్‌ను వాటి మీద వేసింది. ఈ కణాలు తమంతట తాము కారానికి స్పందించవు. కాబట్టి ఏ గుంపు పంపినప్పుడు కణాల్లో కాల్షియం మెరుపు కనిపించిందో, అందులోనే కారాన్ని పట్టుకునే జన్యువు ఉన్నట్టు లెక్క. ఆ గుంపును చిన్న గుంపులుగా విడదీసుకుంటూ పోయి చివరికి ఒకే ఒక్క జన్యువు దగ్గరికి చేరారు. 1997లో వెలువడిన ఈ ఫలితంలో మరో విశేషం ఉంది: అదే ప్రొటీన్ 43 డిగ్రీలకు మించిన వేడికి కూడా తెరుచుకుంటుంది. కారం తిన్నప్పుడు నోరు మండినట్టు అనిపించడానికి కారణం ఇదే. జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కారాన్ని ఎరగని కణాన్ని ఎంచుకోవడం వల్లనే ఆ ఒక్క మెరుపుకు అంత అర్థం వచ్చిందని నేను తరగతిలో ప్రతి ఏటా చెబుతాను.

ఇప్పుడు కరపత్రం దగ్గరికి వస్తాను. ఆ కాగితం చదివిన మన ఊరి మనిషికి, ఈ కణాలు మన కడుపులో ఉన్న కిడ్నీలాంటివే అనిపించడం సహజం. నిజానికి హెక్ 293 కణాల్లో మూత్రపిండం లక్షణాలు చాలా తక్కువ. 2002లో గ్రాహమ్ స్వయంగా పాల్గొన్న పరిశోధనలో ఈ కణాల్లో నాడీకణాలకు చెందిన ప్రొటీన్లు కనిపించాయి. ఆనాడు తీసిన కణజాలంలో వైరస్ డీఎన్ఏ పట్టుబడింది నాడీ లక్షణాలున్న కణంలో కావచ్చునని వారు అభిప్రాయపడ్డారు. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉండాలి. ఇందులో 60కి పైగా ఉంటాయి. రక్తాన్ని వడకట్టే గుచ్ఛం ఇందులో లేదు, వడకట్టిన నీటిని తిరిగి పీల్చుకునే నాళిక లేదు, రక్తప్రవాహం లేదు. గ్రాహకాల పరిశోధకులు దాన్ని ఎంచుకోవడానికి కిడ్నీతో సంబంధమే లేదు. జన్యువులను సులువుగా లోపలికి తీసుకుంటుంది, పంపిన జన్యువు చెప్పిన ప్రొటీన్‌ను పుష్కలంగా తయారుచేస్తుంది, పెంచడం తేలిక. అందుకే మెదడు గ్రాహకాలనూ, గుండె గ్రాహకాలనూ, ముక్కులో వాసన పట్టే గ్రాహకాలనూ కూడా ఇదే కణంలో పెట్టి చూస్తారు. ఈ కణాలపై పరీక్షించినంత మాత్రాన కిడ్నీ మందు అయ్యే పనైతే, అలా పరీక్షించిన తలనొప్పి మందు కూడా కిడ్నీ మందే కావాలి.

మూత్రపిండానికి నిజంగా సంబంధించిన గ్రాహకాన్నే ఈ కణంలో పెట్టినప్పుడు కూడా ఎంతవరకు తెలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి వాసోప్రెసిన్ వి2 గ్రాహకం మంచి ఉదాహరణ. ఎండలో కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసే మనిషి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెదడు నుంచి వాసోప్రెసిన్ విడుదలవుతుంది. అది మూత్రపిండంలోని సేకరణ నాళాల కణాలపై ఉన్న వి2 గ్రాహకాన్ని తాకుతుంది. లోపల సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. ఆక్వాపోరిన్ 2 అనే నీటి కాలువలు కణం పొర మీదికి చేరుతాయి. మూత్రంలోకి పోవలసిన నీరు తిరిగి శరీరానికి దక్కుతుంది. వి2 జన్యువును పంపిన హెక్ 293 కణం మీద వాసోప్రెసిన్ వేస్తే సైక్లిక్ ఏఎంపీ పెరగడం చక్కగా కొలవవచ్చు. ఏ మందు దాన్ని ఎంత మోతాదులో అడ్డుకుంటుందో గీత గీసి చూపవచ్చు. అంతటితో ఆ కణం చెప్పగలిగింది అయిపోతుంది. ఒక వైపు మూత్రం, మరో వైపు రక్తం ఉండేలా నిలబడి నీటిని అటు నుంచి ఇటు దాటించే నాళిక గోడ అందులో లేదు కాబట్టి, మూత్రం తగ్గుతుందా పెరుగుతుందా అన్న ప్రశ్నకు అది జవాబు ఇవ్వదు. దెబ్బతిన్న మూత్రపిండం కోలుకుంటుందా అన్న ప్రశ్న దాని ఎదుట పెట్టడానికే వీలులేదు. ఈ గ్రాహకాన్ని అడ్డుకునే టోల్వాప్టాన్‌ను, వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం తిత్తుల కిడ్నీ వ్యాధిలో క్షీణతను నెమ్మదింపజేయడానికి అమెరికా 2018లో అనుమతించింది. అంతకు ముందు ఆ వ్యాధి ఉన్న రోగులపై ఏళ్ళ తరబడి పరీక్షలు జరిగాయి. కాలేయానికి హాని చేసే ప్రమాదం ఉందని కూడా ఆ పరీక్షల్లోనే బయటపడింది. అది ఉద్దానం వ్యాధికి మందు కాదు.

కణం నుంచి రోగి దాకా నడవవలసిన దారి ఎంత కఠినమైనదో అదే వి2 గ్రాహకం మరో విధంగా చూపిస్తుంది. కొందరు పిల్లలు ఆ గ్రాహకం జన్యువులో లోపంతో పుడతారు. ఎంత నీరు తాగినా మూత్రంలో పోతూనే ఉంటుంది. లోపాల్లో చాలావాటి వల్ల గ్రాహకం సరిగా ముడుచుకోక కణం లోపలే చిక్కుకుపోతుంది, పొర దాకా రాదు. మాంట్రియల్‌లో మిషెల్ బూవియే బృందం, గ్రాహకానికి అతుక్కునే కొన్ని చిన్న అణువులు దాన్ని సరిగా ముడుచుకునేలా చేసి పొర మీదికి చేరుస్తాయని 2000లో ప్రయోగశాల కణాల్లో చూపించింది. 2006లో కొద్దిమంది రోగులకు అటువంటి అణువును ఇచ్చినప్పుడు వాళ్ళ మూత్రం పరిమాణం నిజంగానే తగ్గింది. అయినా ఆ అణువు మందుగా బజారుకు రాలేదు. ఇతర మందులను శరీరం వదిలించుకునే పనికి అది అడ్డు తగలవచ్చన్న అనుమానంతో ఆపేశారు. కణంలో నెగ్గి, రోగిలోనూ పనిచేసిన అణువును భద్రత కోసం పక్కన పెట్టిన ఆ నిగ్రహాన్ని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. మన కరపత్రం కణంతోనే మొదలై కణంతోనే ముగిసి, నేరుగా రోగి చేతికి డబ్బా అందిస్తోంది.

మూలికల రసంతో ఈ పరీక్ష చేసినప్పుడు మరికొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. హెక్ 293 పూర్తిగా ఖాళీ కణం కాదు. ఎడ్రినలిన్‌కు స్పందించే బీటా 2, నాడులు విడుదల చేసే ఎసిటైల్‌కోలిన్‌కు స్పందించే ఎం3, కణాలకు శక్తినిచ్చే అణువైన ఏటీపీకి స్పందించే కొన్ని గ్రాహకాలు దానికి సహజంగానే ఉన్నాయి. మొక్క రసంలోని ఏదో ఒక పదార్థం వీటిలో దేన్నో తాకినా సంకేతం కనిపిస్తుంది. కొన్ని పదార్థాలకు గ్రాహకంతోనే పని లేదు. మన దేశంలో పెరిగే కోలియస్ మొక్క వేరు నుంచి 1970లలో బొంబాయి పరిశోధకులు వేరుచేసిన ఫోర్‌స్కోలిన్, గ్రాహకాన్ని దాటవేసి నేరుగా ఎంజైమును తాకి, దాదాపు ఏ కణంలోనైనా సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ద్రాక్షలో ఉండే రెస్వెరాట్రాల్ వంటివి మిణుగురు ఎంజైమునే ఆపివేసి వెలుగు లెక్కను తారుమారు చేస్తాయి. అందుకే గ్రాహకం లేని కణాల మీద అదే రసం వేసి చూపని ఫలితానికి విలువ ఉండదు. కరపత్రంలో ఏ గ్రాహకమో లేదు, ఎంత మోతాదో లేదు, పోల్చిన కణాల ప్రస్తావన అసలే లేదు.

ఈ రంగంలో ఆరితేరినవారే ఒకే కణశ్రేణి మీద పనిచేసి వేర్వేరు జవాబులు పొందిన సందర్భాలున్నాయి. సంకేతాన్ని ఆపివేయడంలో ముఖ్యమైన బీటా అరెస్టిన్ అనే ప్రొటీన్ స్వయంగా కూడా సంకేతాన్ని ముందుకు పంపుతుందా అన్నది పెద్ద చర్చ. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ ప్రొటీన్ జన్యువులను, జి ప్రొటీన్ల జన్యువులను హెక్ 293 నుంచి తొలగించడం సాధ్యమయ్యాక చర్చ తీరిపోతుందని అందరూ ఆశించారు. జపాన్‌లో తోహోకు విశ్వవిద్యాలయానికి చెందిన అసుకా ఇనోవుయే తయారుచేసిన అటువంటి కణాలు ఎన్నో ప్రయోగశాలలకు చేరాయి. కానీ 2018లో వెలువడిన పరిశోధనల్లో ఒక బృందం జి ప్రొటీన్లు లేకపోతే అరెస్టిన్ సంకేతం కనిపించదని చెబితే, మరో బృందం వేర్వేరు చోట్ల తయారైన అరెస్టిన్ లేని కణాలు ఒకే ప్రశ్నకు ఒకేలా స్పందించడం లేదని చూపింది. కణం తనలోని లోటును మరో దారిలో సర్దుకోగలదు. పండితులే ఇంత జాగ్రత్తగా మాట్లాడుకుంటున్న చోట ‘నిరూపించినది’ అన్న మాటను రోగి ముందు పెట్టడం నాకు చాలా బాధాకరంగా ఉంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, కరపత్రం వెనుక పేజీలో ఉన్న ‘కిడ్నీ కణాలకు ఎటువంటి హానీ లేదు’ అన్న భరోసా. మూత్రపిండానికి హాని చేసే పదార్థాల్లో చాలావాటిని నాళిక కణాలే రక్తం నుంచి లోపలికి లాక్కుంటాయి. అందుకు ఆ కణాల పొర మీద ఓఏటీ1, ఓఏటీ3 అనే రవాణా ప్రొటీన్లు ఉంటాయి. మామూలు హెక్ 293లో అవి చెప్పుకోదగినంతగా ఉండవు. అందుకే వాటిని అధ్యయనం చేసేవారు జన్యువును విడిగా పంపవలసి వస్తుంది. అరిస్టలోకియా జాతి మొక్కల్లో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం ఈ ప్రొటీన్ల ద్వారానే నాళిక కణాల్లోకి చేరుతుంది. 1990ల తొలి సంవత్సరాల్లో బెల్జియంలో, బరువు తగ్గడానికని ఇచ్చిన మూలికల గుళికల్లో ఈ మొక్క కలవడంతో వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అటువంటి విషాన్ని లోపలికి లాక్కునే ద్వారమే లేని కణం మీద పోసి, కణం చావలేదు కాబట్టి కిడ్నీకి భద్రం అని చెప్పడం ఎంత అన్యాయమో పాఠకులే గ్రహిస్తారు. ఈ మందులో ఆ మొక్క ఉందని నేను అనడం లేదు. అందులో ఏమేం కలిపారో డబ్బా మీద పూర్తిగా రాయలేదు, అదే నా ఆందోళన. మూలికా వైద్యం పట్ల నాకు చిన్నచూపు లేదు. ఇప్పటికే సగం పని మానేసిన మూత్రపిండం ఉన్న మనిషి ఏ రసం మింగినా, అది మామూలు మనిషి మింగినట్టు కాదని మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఉద్దానం వ్యాధికి ఖచ్చితమైన కారణం ఇంకా తేలలేదన్నది అందరికీ తెలిసిందే. ఆ ఖాళీలోకే ఇలాంటి కాగితాలు చొరబడుతున్నాయి. చట్టం మాత్రం ఈ విషయంలో నోరు మూసుకుని లేదు. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టాన్ని 1954లోనే చేశారు. నయం చేస్తామని ప్రకటించకూడని వ్యాధుల జాబితాలో, మూత్రపిండాల వాపుకు పూర్వం వాడిన బ్రైట్స్ వ్యాధి అనే పేరు ఉంది. మూత్రపిండాల్లో రాళ్ళు కూడా ఉన్నాయి. ఔషధ నియంత్రణ అధికారులు ఈ కరపత్రాన్ని ఆ చట్టం వెలుగులో పరిశీలించాలని, ఆ మందు నమూనాను పరీక్షకు పంపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గ్రామాల్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు కూడా ఈ కాగితం గురించి ఒక్క మాట ముందుగా చెప్పి ఉంచితే, డాక్టరు మందులు ఆపేసే ఇళ్ళు కొన్నయినా ఆగుతాయి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ‘మానవ కణాల్లో ఫలితం’ అన్న వార్త ఏ దేశం నుంచి వచ్చినా, ఏ కణమో, అందులో ఏ గ్రాహకాన్ని పెట్టారో, దేన్ని కొలిచారో ఒక్క వాక్యంలో రాయించండి. తర్వాత జంతువుల్లోగానీ రోగుల్లోగానీ పరీక్ష జరిగిందా లేదా అన్నది శీర్షికలోనే తెలిసేలా చూడండి. పాఠకులు ఆ మాటలు అర్థం చేసుకోలేరని అనుకోవద్దు. క్రియాటినిన్, డయాలసిస్, ఫిస్టులా వంటి మాటలను చదువు లేని తల్లులు కూడా నోటితో పలికి, రిపోర్టు చూసి అంకె పెరిగిందో తగ్గిందో చెప్పే ప్రాంతం మనది.

చివరిగా మా విద్యార్థుల మాట. డిగ్రీలో, పీజీలో కణశ్రేణుల గురించి పాఠం ఉంది, పరీక్షలో ప్రశ్న వస్తుంది, కానీ జీవించి ఉన్న మానవ కణాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన విద్యార్థులు మన జిల్లాలో బహు తక్కువ. చూసి ఉంటే ఆ అమ్మాయి నన్ను అడగవలసిన అవసరమే ఉండేది కాదు. ఇంట్లోవాళ్ళకు తనే చెప్పి ఉండేది. ఎచ్చెర్లలో 2008 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ రెండూ కలిసి ఒక చిన్న కణ సంవర్ధన ప్రయోగశాలను నడపవచ్చు. శుభ్రమైన గాలి వీచే బల్ల, వెచ్చటి పెట్టె, తలకిందుల సూక్ష్మదర్శిని, ద్రవ నత్రజని పాత్ర, కరెంటు పోయినా ఆగని జనరేటరు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. కణాలను పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం విద్యాసంస్థలకు అందిస్తుంది. జన్యువులు మార్చిన కణాలతో పనిచేయాలంటే 1989 నాటి నిబంధనల ప్రకారం సంస్థలో జీవభద్రతా సంఘం ఉండాలి. అది ఏర్పాటు చేసుకోవడం అసాధ్యమేమీ కాదు. పలాసకు వచ్చే రోగుల విషయంలో ఏ మూలికల మందు వాడారన్న ప్రశ్న కేసు షీటులో చేరి, ఆ మందు నమూనాను ఓఏటీ1 పెట్టిన కణాల మీద, పెట్టని కణాల మీద పక్కపక్కన పరీక్షించే వీలు కలిగితే, ఇప్పుడు మన ఊళ్ళలో తిరుగుతున్న కాగితాలకు జవాబు ఇక్కడి నుంచే ఇవ్వగలుగుతాం. జిల్లా ప్రజాప్రతినిధులు, విశ్వవిద్యాలయ అధికారులు వచ్చే విద్యా సంవత్సరపు బడ్జెట్‌లో దీనికి చోటు కల్పించాలని అభ్యర్థిస్తున్నాను.

భవదీయుడు,
జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం